కొత్తగా చార్జ్ తీసుకున్న ఇన్‌స్పెక్టర్‌కు: క్లాసు పెట్టే ముందు డ్యూటీ చార్టు తెరవండి

హైదరాబాద్‌లో ఒక లా అండ్ ఆర్డర్ స్టేషన్‌కు మొదటిసారి ఎస్‌హెచ్‌వోగా (స్టేషన్ ఇన్‌చార్జిగా) వెళ్లారనుకోండి. బొకేలూ శాలువాలూ అయిపోయాయి, ఏసీపీ గారినీ డీసీపీ గారినీ కలిసొచ్చారు, ఇక కుర్చీలో కూర్చున్నారు. సిబ్బందికి కొత్త చట్టాలు నేర్పించాలి, సైబర్ కేసులు నేర్పించాలి, వాళ్ల ఆరోగ్యం చూసుకోవాలి, టెన్షన్ తగ్గించాలి అని మీ మనసులోనూ ఉంటుంది, పైనుంచి వచ్చే సర్క్యులర్లలోనూ ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది మొదటి నెలలోనే ఒక క్లాసు, ఒక యోగా సెషన్, ఒక హెల్త్ క్యాంపు పెట్టేసి ఫొటోలు దిగుతారు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఈ ఊళ్లోనే ఎస్సైగా చేరి ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను, మూడు స్టేషన్లకు ఎస్‌హెచ్‌వోగా చేశాను. మొదటి స్టేషన్‌లో నేను పెట్టిన క్లాసుకు నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోకుండా వచ్చి కూర్చున్న ఒక హెడ్ కానిస్టేబుల్ గారు కూర్చున్నచోటే నిద్రపోయారు. ఆయన్ని అందరి ముందూ లేపి నిలబెట్టాను. తర్వాత రిజిస్టర్ తిరగేస్తే అంతకుముందు 11 రోజుల్లో ఆయన 5 నైట్లు చేసినట్టు కనిపించింది, ఆ చార్టు కింద సంతకం నాదే. రిటైరై ఇన్నేళ్లయినా ఆ ఉదయం గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

అందుకే చెప్తున్నా, ట్రైనింగ్ ఒక ఫైలు, సిబ్బంది బాగోగులు ఇంకో ఫైలు అనుకోకండి. నిద్ర లేని మనిషికి పాఠం ఎక్కదు, పని సరిగ్గా రాని మనిషికి ప్రతి డ్యూటీ టెన్షనే. ఈ రెండు ముళ్లూ డ్యూటీ చార్టులోనే ఉన్నాయి, అక్కడే విప్పాలి. ఎలాగో వరసగా చెప్తాను.

మొదటి పని: 30 రోజుల లెక్క తీయండి

మొదటి వారం ఏదీ మార్చకండి. జీడీ (స్టేషన్ రోజువారీ డైరీ), డ్యూటీ రిజిస్టర్, సెలవుల రిజిస్టర్ తెప్పించుకుని ఒక పొడుగు నోట్‌బుక్‌లోనో ఎక్సెల్‌లోనో ఒక్కొక్కరి పేరు రాయండి. పేరుకు ఎదురుగా గత 30 రోజుల్లో ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని నైట్లు, ఎన్ని బందోబస్తులు, చివరి వీక్లీ ఆఫ్ ఏ తారీఖు, చివరిసారి అడిగిన సెలవు దొరికిందా లేదా, అంతే. హోంగార్డులను వదిలేయకండి, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిని వదిలేయకండి, డ్రైవర్లను అసలే వదిలేయకండి, రాత్రంతా పెట్రో కారు (గస్తీ బండి) నడిపి పొద్దున మిమ్మల్ని మీటింగ్‌కు తీసుకెళ్లేది వాళ్లే. ఈ లెక్క మీరే రాయాలి, స్టేషన్ రైటర్‌కు (రికార్డులు రాసే ఆయనకు) అప్పగించకూడదు, ఎందుకంటే అందరికంటే ఎక్కువ నలిగినవాళ్లలో ఆయన కూడా ఉంటారు, తన పేరు తనే పైన రాసుకోలేరు.

ఇది మన ఒక్క స్టేషన్ బాధ అనుకోకండి. ఇక్కడే బెల్లా విస్టాలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ వాళ్లు కేంద్ర పోలీసు పరిశోధన, అభివృద్ధి బ్యూరో కోసం 2014లో ఒక అధ్యయనం చేసి ఇచ్చారు. దేశంలో స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది, తమ వాళ్లు 11 గంటలో ఇంకా ఎక్కువో డ్యూటీలో ఉంటున్నారని 68 శాతానికి పైగా ఎస్‌హెచ్‌వోలు స్వయంగా చెప్పారు. పై అధికారితో మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

లెక్క పూర్తయ్యాక కింది నుంచి పైకి చూడండి. నెలలో ఒక్క ఆఫ్ కూడా లేనివాళ్లు ఆరేడుగురు తేలతారు. వాళ్లెవరో చూస్తే ఆశ్చర్యపోతారు, వాళ్లు స్టేషన్‌లో బాగా పని వచ్చినవాళ్లు.

రెండో పని: ఏ పనైనా ముగ్గురికి వచ్చేలా చూడండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

నా రెండో స్టేషన్‌లో బీటెక్ చదివిన కానిస్టేబుల్ ఒకతను ఉండేవాడు. సీసీటీఎన్‌ఎస్ (కేసుల కంప్యూటర్ నెట్‌వర్క్) ఎంట్రీలు, సీడీఆర్ (ఫోన్ కాల్ రికార్డులు) చూడటం, సీసీ కెమెరా ఫుటేజీ తీయడం, అన్నీ అతనే. చెల్లెలి పెళ్లికి మూడు రోజులు అడిగితే ఇచ్చాను, ఇచ్చాను అనే అనుకున్నాను. వచ్చాక మాటల్లో తెలిసింది, తాళి కట్టే ముహూర్తానికి కూడా మా స్టేషన్ నుంచి 'ఆ పాస్‌వర్డ్ ఏంటి, ఆ ఫైల్ ఎక్కడ పెట్టావ్' అని ఫోన్లు వెళ్లాయట. అతను ఫిర్యాదుగా చెప్పలేదు. కానీ పని బాగా నేర్చుకున్నందుకు మనం అతనికి వేసిన శిక్ష అది, అతని పక్కన ఇంకో ఇద్దరికి ఆ పని వచ్చి ఉంటే అతను పెళ్లిలో ఫోన్ ఆఫ్ చేసుకుని ఉండేవాడు.

కాబట్టి ట్రైనింగ్ ప్లాన్ ఏదో సిలబస్ చూసి రాయకండి, సెలవు దొరకనివాళ్ల లిస్టు చూసి రాయండి. ఒక చార్టు పేపర్ తీసుకుని నిలువుగా పేర్లు, అడ్డంగా పనులు రాయండి: ఎఫ్‌ఐఆర్ ఎంట్రీ, తనిఖీ వీడియో, ఎలక్ట్రానిక్ ఆధారాలకు సర్టిఫికెట్, 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫిర్యాదు, ఫుటేజీ సేకరణ, శవ పంచనామా, కోర్టు డ్యూటీ, రిసెప్షన్, సీపీఆర్, ఇలా మీ స్టేషన్‌లో రోజూ జరిగేవన్నీ. ఎవరికి ఏది ఒంటిచేత్తో చేయడం వచ్చో అక్కడ టిక్కు పెట్టండి. ఏ పని కింద ఒకటే టిక్కు ఉందో ఆ పనే మీ మొదటి క్లాసు, ఆ టిక్కు ఉన్న మనిషే మీ మొదటి టీచర్. మూడు టిక్కులు పడ్డ రోజు ఆ టీచర్‌కు వారం రోజులు సెలవు ఇవ్వండి. దాంతో నేర్పడం వల్ల తమకేం లాభమో అందరికీ అర్థమవుతుంది, మీరు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

మూడో పని: క్లాసు చిన్నగా, చేత్తో చేసేలా

వారానికి రెండు రోజులు, రోల్ కాల్ తర్వాత 25 నిమిషాలు చాలు. అదే పాఠం మధ్యాహ్నం షిఫ్టుకు మళ్లీ చెప్పించండి. నైట్ దిగినవాళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ కూర్చోబెట్టకండి. క్లాసు టైమును డ్యూటీ టైములోనే లెక్కేయండి.

ఏం చెప్పాలి? 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కదా, సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించే క్లాసులు ఇప్పటికే చాలా అయ్యాయి. మీరు పని చేయించండి. ఉదాహరణకు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదా, స్వాధీనం మొత్తం ఆడియో వీడియోలో రికార్డు చేసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. స్టోర్ రూమ్‌లో ఒక సెల్‌ఫోన్ దాచండి, ఒకరు వెతకాలి, ఒకరు వీడియో తీయాలి, ఒకరు పంచనామా రాయాలి, ఇద్దరు పంచుల్లా (సాక్షుల్లా) నిలబడాలి. అయిపోయాక ఆ వీడియో అందరూ కలిసి చూడండి. పంచుల ముఖం పడలేదు, సీలు వేసేటప్పుడు కెమెరా పక్కకు పోయింది, మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది, ఫోన్‌లో టైము తప్పుగా ఉంది, చార్జింగ్ 9 శాతమే ఉంది. ఇవన్నీ ఆ గదిలో బయటపడితే నవ్వుకుని సరిదిద్దుకుంటాం, నాంపల్లి కోర్టులో బోనులో నిలబడ్డాక బయటపడితే ఆ కానిస్టేబుల్‌కు నెల రోజులు నిద్ర పట్టదు.

అలాగే సైబర్ మోసం. డబ్బు పోయిన మనిషి వణుకుతూ రిసెప్షన్‌కు వస్తే 'పిటిషన్ రాసుకుని రండి' అని పంపేస్తే ఆ గంటలో డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది. ముందు అక్కడే కూర్చోబెట్టి 1930కి ఫోన్ చేయించాలి, ఏ బ్యాంకు, ఎంత, ఏ టైముకు, లావాదేవీ నంబర్ ఎంత అన్నవి దగ్గర పెట్టుకోవాలి, పిటిషన్ తర్వాత. ఇది రిసెప్షన్‌లో కూర్చునే ప్రతి ఒక్కరూ నిద్రలో లేపి అడిగినా చెప్పాలి, హోంగార్డుతో సహా.

ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ వాళ్లు రావాలని బీఎన్‌ఎస్‌ఎస్ 176(3) చెప్తుంది, మనకు క్లూస్ టీం (ఆధారాలు సేకరించే బృందం) వస్తుంది. వాళ్లు వచ్చేదాకా ఆ గది గడప దగ్గర నిలబడేది బ్లూ కోల్ట్స్ (బైక్ గస్తీ) కానిస్టేబులే. ఎక్కడ తాడు కట్టాలి, ఎవరెవరు లోపలికి వెళ్లారో ఎలా రాసుకోవాలి, వర్షం పడితే రక్తపు మరక మీద ఏం కప్పాలి అన్నవి ఆయనకు నేర్పండి. బీఎస్‌ఏ (కొత్త సాక్ష్యాల చట్టం) 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే సర్టిఫికెట్‌లో పార్ట్ ఏ, పార్ట్ బీ ఎవరు నింపాలి, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) ఎక్కడ రాయాలి అన్నది ఒక నిజమైన పెన్‌డ్రైవ్ పెట్టుకుని నింపించండి. సీపీఆర్ బొమ్మ మీద చేయించండి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, చేతులు నొప్పి పుట్టేదాకా చేస్తేనే రోడ్డు మీద వస్తుంది.

నెలకోసారి ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారిని పిలవండి, కోర్టులో కొట్టేసిన మీ స్టేషన్ కేసు ఒకదాని సీడీ (కేసు డైరీ) ఫైలు పట్టుకురమ్మనండి. దర్యాప్తు అధికారి పేరు ఎత్తకుండా ఎక్కడ జారిందో మాత్రమే మాట్లాడుకోవాలి. ఆ షరతు మీరు నిలబెట్టుకుంటే మూడో నెలకల్లా ఎస్సైలే తమ కేసులు తెచ్చి పెడతారు.

ఐగాట్ (ప్రభుత్వ ఉద్యోగుల శిక్షణ వేదిక) కోర్సులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, మంచివే, కానీ పెట్రోలింగ్‌లో ఫోన్ జేబులో పెట్టుకుని ప్లే చేస్తే ఎవరికీ ఏమీ రాదు. స్టేషన్‌లో ఒక కంప్యూటర్, ఒక గంట కేటాయించండి.

ఇక నేర్పేవాళ్ల గురించి. పాత హెడ్డు ఒకరు, కొత్త కుర్రాడు ఒకడు, జంటగా వేయండి. గల్లీ పేరు చెప్తే మూడు తరాల గొడవలు చెప్పగల పెద్దాయనకు ట్యాబ్ పట్టుకోవడం రాకపోవచ్చు, ట్యాబ్ వచ్చిన కుర్రాడికి గొడవ మధ్యలో ఎవరి భుజం మీద చెయ్యి వేస్తే చల్లబడుతుందో తెలియదు. పెద్దాయనకు కంప్యూటర్ నేర్పేటప్పుడు మాత్రం నలుగురిలో కూర్చోబెట్టకండి. గది తలుపు వేసి, పావుగంట, రోజూ. పిల్లల వయసున్నవాళ్ల ముందు తప్పు చేయడం 52 ఏళ్ల మనిషికి ఎంత కష్టమో మనం ఊహించుకోవాలి.

మనవాళ్లు ట్రైనింగ్ పొందే హిమాయత్‌సాగర్ అకాడమీకి రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి గారి పేరు ఉంది. నిజాం కాలంలో 14 ఏళ్లు ఈ నగరానికి కొత్వాల్‌గా (నగర పోలీసు అధిపతిగా) చేశారు. ఆయన పేరు చెప్పగానే ఇవాళ్టికీ చాలామందికి గుర్తొచ్చేది 1918లో పిల్లల చదువు కోసం పెట్టించిన రెడ్డి హాస్టల్. చదువుకోవాలంటే ముందు పడుకోవడానికి చోటూ తినడానికి తిండీ కావాలని తెలిసిన పోలీసు అధికారి ఆయన. అకాడమీకి వెళ్లినప్పుడల్లా నాకు ఆ హాస్టలే గుర్తొస్తుంది.

నాలుగో పని: ఆఫ్ అంటే ఆఫే

వచ్చే వారం ఎవరికి ఏ రోజు ఆఫో శనివారం సాయంత్రంకల్లా బోర్డు మీద పెట్టండి. వాట్సాప్‌లో కాదు, బోర్డు మీద. ఆ రోజు ముందే తెలిస్తే ఆయన కూతుర్ని జూపార్కుకు తీసుకెళ్తానని మాట ఇవ్వగలుగుతాడు, రాత్రి 10 గంటలకు తెలిస్తే పడుకోవడం తప్ప ఏం చేయలేడు. రద్దు చేయక తప్పకపోతే అప్పుడే, అదే పేజీలో, బదులు ఏ తారీఖు ఇస్తున్నారో రాసి సంతకం పెట్టండి. నైట్ దిగినవాళ్లను మధ్యాహ్నం కోర్టుకు పంపకండి, కోర్టు తారీఖు ముందే తెలుసు కాబట్టి ముందు రోజు నైట్ వేయకుండా ఉండటం రైటర్ చేతిలో ఉన్న పనే. సిబ్బందిని మీ ఇంటి పనులకు ఎప్పుడూ వాడకండి.

మీరు కూడా ఆఫ్ తీసుకోండి. ఆ రోజు స్టేషన్ డీఐకి (డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కు) అప్పగించి వైర్‌లెస్ సెట్టు ఆయన చేతికివ్వండి. ఇన్‌స్పెక్టర్ ఆఫ్ తీసుకోని స్టేషన్‌లో కానిస్టేబుల్ నోరు తెరిచి ఆఫ్ అడగడు.

ఐదో పని: బందోబస్తు ముందే నడిచి చూడండి

మన సిటీ క్యాలెండర్ మనకు తెలిసిందే. జనవరి 1 నుంచి నుమాయిష్, తర్వాత రంజాన్ రాత్రులు, ఆషాఢంలో గోల్కొండ నుంచి లాల్‌దర్వాజా దాకా బోనాలు, మొహర్రం ఊరేగింపు, వినాయక చవితి నుంచి ట్యాంక్‌బండ్ నిమజ్జనం దాకా. అకస్మాత్తుగా వచ్చేవి కావు. నిమజ్జనానికి ముందు పది రోజుల్లో బ్యాచ్‌లుగా అందరికీ ఒక్కో రోజు రెస్టు ఇచ్చేయండి, అయిపోయాక ఎవరు ఎప్పుడు ఇంటికి పోతారో కూడా ముందే రాసి పెట్టండి.

పాయింట్లు వేసే ముందు మఫ్టీలో ఆ రూటంతా నడవండి. ప్రతి పాయింట్ దగ్గర నుంచి ఐదు నిమిషాల నడకలో టాయిలెట్ ఎక్కడుందో రాసుకోండి: పెట్రోల్ బంక్, బ్యాంకు, స్కూలు, ఫంక్షన్ హాలు. వెళ్లి మాట్లాడండి, ఆ రోజు తలుపు తీసి ఉంచమనండి, ఫోన్ నంబర్ తీసుకోండి. మహిళా సిబ్బంది పాయింట్లు ఆ లిస్టు చూసే వేయండి. టాయిలెట్ దొరకదని భయపడి పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా నిలబడి, ఇన్ఫెక్షన్లు తెచ్చుకున్న ఆడపిల్లలను నేను చూశాను, వాళ్లెవరూ మగ ఇన్‌స్పెక్టర్ ముందు ఆ మాట చెప్పరు. మీరు అడగక్కర్లేకుండా ఏర్పాటు చేయాలి. నాలుగు గంటలకోసారి రిలీఫ్, భోజనం ప్యాకెట్ ఏ టైముకు ఏ బండిలో వస్తుందో కాగితం మీద, ఎండాకాలమైతే మజ్జిగ, ఓఆర్‌ఎస్.

ఆరో పని: ఒళ్లు

దీనికి పెద్దగా చెప్పేది లేదు, చేయడమే. మూడు నెలలకోసారి బీపీ, షుగర్ పరీక్ష స్టేషన్‌లోనే పెట్టించండి, రిపోర్టు మాత్రం ఎవరిది వాళ్ల చేతికే వెళ్లాలి, గ్రూపులో పెట్టకూడదు. ఆరోగ్య భద్రతలో (పోలీసుల వైద్య పథకంలో) కుటుంబ సభ్యుల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక ఆదివారం కూర్చుని అందరివీ చూపించండి. అర్ధరాత్రి ఆస్పత్రిలో బిడ్డ పేరు లేదని తెలిసే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

ఏడో పని: మనసు

మనవాళ్లు చూసేవి మామూలు మనుషులు జీవితంలో ఒకసారి కూడా చూడరు. రైలు పట్టాల మీద శవం, చెరువులోంచి తీసిన పిల్లాడు, కాలిపోయిన కోడలు. 23 ఏళ్ల కుర్రాడు మొదటిసారి శవ పంచనామాకు వెళ్లొచ్చి సాయంత్రం రోల్ కాల్‌లో మామూలుగా నిలబడితే బాగానే ఉన్నాడని అనుకోకండి. రెండు రోజుల్లోపు అతన్ని టీకి తీసుకెళ్లండి. 'ఎలా ఉన్నావ్' అంటే 'బాగున్నా సార్' అంటాడు. 'ఆ రాత్రి నిద్ర పట్టిందా, అన్నం తిన్నావా' అని అడగండి. నాకు పట్టలేదు అని మీ మొదటి శవం సంగతి చెప్పండి. ఇంకేం చేయక్కర్లేదు, అతను మాట్లాడితే వినండి.

స్టేషన్‌లో ఒక మాటను పూర్తిగా ఆపించండి. ఎవరైనా కాస్త దిగాలుగా ఉంటే 'ఎర్రగడ్డకు పంపాలి' అని నవ్వుతారు. ఎర్రగడ్డలో ఉన్నది మానసిక ఆస్పత్రి, అక్కడున్నది డాక్టర్లు. ఆ జోకు విన్నవాడు తనకు నిద్ర పట్టట్లేదని ఎప్పటికీ ఎవరికీ చెప్పడు. మీ ముందు ఎవరు ఆ మాట అన్నా అక్కడే ఆపండి, ఎస్సై అయినా సరే.

కొన్ని గుర్తులు చూస్తూ ఉండండి: ఎప్పుడూ మాట్లాడే మనిషి మౌనంగా ఉండటం, చెప్పకుండా మానేయడం, తాగుడు పెరగడం, ఇంటి నుంచి ఫోన్ వస్తే తీయకపోవడం, లోన్ యాప్‌లు, బెట్టింగ్ యాప్‌ల అప్పులు. అనుమానం వస్తే తలుపు వేసి సూటిగా అడగండి, 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతారు, అవ్వదు, ఎవరో ఒకరు అడిగారని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఆయుధం ఉండే డ్యూటీ నుంచి మార్చండి, అందరికీ మామూలు మార్పులాగే కనిపించాలి, శిక్షలా కాదు. ఆయన ఒప్పుకున్న ఇంటి మనిషిని పిలిపించండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి మీరే తోడు వెళ్లండి. టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 ఏ టైములోనైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, ఆ నంబర్ రెస్టు రూమ్ గోడ మీద, ఆయుధాల గది తలుపు మీద రాయించండి. తిరిగి డ్యూటీకి వచ్చాక కూడా వారానికోసారి కలుస్తూ ఉండండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

ఎనిమిదో పని: సెట్టులో తిట్టకండి

వైర్‌లెస్ సెట్టులో తిడితే డివిజన్ అంతా వింటుంది. ఆ మనిషి మిగతా షిఫ్టంతా అదే మోస్తాడు, ఆ కోపం చివరికి రోడ్డు మీద ఏ ఆటో డ్రైవర్ మీదో పడుతుంది. తప్పు జరిగితే గదిలో చెప్పండి, ఏం తప్పో, మళ్లీ ఎలా చేయాలో. మెచ్చుకునేటప్పుడు రోల్ కాల్‌లో, పేరు పెట్టి, చేసిన పని చెప్పి మెచ్చుకోండి. 'గుడ్ వర్క్' అని వదిలేయకండి, 'నిన్న రాత్రి తప్పిపోయిన ముసలమ్మను ఇంటికి చేర్చి, తలుపు తీసేదాకా నిలబడింది' అని చెప్పండి.

తొమ్మిదో పని: డబ్బు, పై అధికారులు

రెస్టు రూమ్‌కు మంచాలు, ఫ్యాన్లు, నీళ్ల ఫిల్టర్, మహిళలకు విడిగా గది, లోపలి నుంచి గడియ. వీటికి మీ ఏరియా వ్యాపారి ఎవరైనా ఇస్తానంటే తీసుకోకండి, మంచం ఇచ్చినాయన రేపు కేసులో ఫోన్ చేస్తే ఏమంటారు? ఏసీపీ గారి దగ్గరికి మీ 30 రోజుల లెక్క పట్టుకుని వెళ్లండి. మనుషులు కావాలి అంటే లేరంటారు. మంగళ, శుక్రవారాల్లో ఆ 25 నిమిషాలు మా వాళ్లను పిలవకండి సార్, ఆరు మంచాలు ఇప్పించండి సార్ అంటే ఇస్తారు. చిన్నవి అడగండి, మళ్లీ మళ్లీ అడగండి.

మూడు నెలలు, ఆ తర్వాత

మూడు నెలలయ్యాక మొదటి లెక్కే మళ్లీ తీయండి. బోర్డు మీద రాసిన ఆఫ్‌లలో నిజంగా ఇచ్చినవెన్ని, ఒకటే టిక్కు ఉన్న పనులు ఎన్ని మిగిలాయి, ఏపీపీ గారి దగ్గర నుంచి అభ్యంతరాలతో వెనక్కొచ్చిన ఫైళ్లు తగ్గాయా. సర్టిఫికెట్లు ఎన్నొచ్చాయన్నది ఈ లెక్కలో రాయకండి. ఒక్క ఆఫ్ కూడా లేని పేరు ఇంకా ఉంటే ఆ మనిషిని ఆ సాయంత్రమే పిలిచి మాట్లాడండి.

మీకూ ఎప్పుడో ఒకరోజు బదిలీ ఆర్డర్ వస్తుంది, సామాను సర్దుకోవడానికి కూడా టైముండదు. అందుకే ఆ నోట్‌బుక్, టిక్కుల చార్టు, టాయిలెట్ల లిస్టు మీ బ్యాగులో కాకుండా మొదటి నుంచీ స్టేషన్ బీరువాలోనే ఉంచండి. కొత్తగా వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు చార్జ్ అప్పగించేటప్పుడు పెండింగ్ కేసుల కంటే ముందు అవి తెరిచి, ఎవరికి ఏ తారీఖు బదులు ఆఫ్ బాకీ ఉందో వేలు పెట్టి చూపించండి.